సికింద్రాబాదు కంప్యూటరు అంగళ్లలో

సికింద్రాబాదునకుఁ బోవు మన సోదరీమణులు సాధారణముగా ఉజ్జయినీ మహంకాళిని దర్శించి, జనరల్ బజారులో చీరలును గాజులును బేరమాడి, రైలెక్కి తిరిగి వత్తురు. అచ్చటికిఁ గొంత దూరమున పార్కులేనను వీథిలో చెనాయ్ ట్రేడ్ సెంటరను పెద్ద భవనము కలదు. జంటనగరములలోఁ గంప్యూటరు కొనవలెనన్నను, బాగుచేయించుకొనవలెనన్నను జనులు చిరకాలముగా చేరుచున్న చోటది. 'సీ.టీ.సీ.' యని మూఁడక్షరములు చెప్పినఁ జాలును, ఆటోవాఁడు మఱి యడుగఁడు. స్త్రీలు తమంతఁ దామచటికిఁ బోవుట అరుదగుటచే, చూచి వచ్చిన సంగతులు కొంచెము విపులముగానే వ్రాయుచున్నాను.

మమ్మచటికిఁ బంపినది 2012లోఁ గొన్న మా యింటి కంప్యూటరు. నేను పాత తెలుఁగు పుస్తకముల పుటల ఛాయాచిత్రములను టెసరాక్టను సాధనముచే అక్షరములుగా మార్చి, తప్పులు దిద్ది, ప్రచురణకర్త కందఁజేయుదును. పుటకింతయని ప్రతిఫలము. మా యమ్మాయి చదువు ఖర్చు దానితోనే గడచుచున్నది. ఆ నెలాఖరునకు 412 పుటలు ఇచ్చెదనని మాట యిచ్చియుంటిని. యంత్రము నడక చూచినచో మాట దక్కునట్లు తోఁచలేదు.

దానికి మేము చేయని యుపచారము లేదు. మెమరీని 4 జీబీ నుండి 8 జీబీకిఁ బెంచితిమి. తిరుగుడు హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయించితిమి. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి పోషణము నిలిచిపోయెను. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు దిగువ ప్రాసెసర్ల నంగీకరింపదు. మాది రెండవ తరపు ఐ3-2100. కావున ఉబుంటు వేసికొంటిమి. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు చూచుటకు యంత్రము చుఱుకుగనే యుండెను. పుటలు మార్చు పనియొక్కటే నత్తనడక. ఆ పని జరుగుచుండఁగా సిస్టమ్ మానిటర్ తెఱచి చూచితిని. మెమరీ సగము ఖాళీగా నున్నది, డిస్కు ఊరకున్నది, ప్రాసెసరు గీఁతలు నాలుగును మాత్రము నూటికి నూఱు నంటి దిగుటలేదు. సోదరీమణులారా, ఈ పరీక్ష చేయక ప్రాసెసరు మార్చఁబోవుట, జ్వరమో అజీర్ణమో తెలియక మందు మ్రింగుట వంటిది. డిస్కు మందగించిన యింట కొత్త ప్రాసెసరు వేసినను ఫలముండదు.

ఒక శనివారమునాఁడు భువనగిరిలో రైలెక్కితిమి. జనులు సీపీయూ అని పిలుచు పెట్టెను పాత దుప్పటిలో మూటగట్టి మావారు ఒడిలోఁ బెట్టుకొనిరి. పెట్టె నేల మోయవలె ననెదరేమో! వాడిన వస్తువు కొనునపుడు దానిని మన బోర్డుమీఁదనే పెట్టించి, మన కన్నులయెదుట నడిపించి చూడవలెను. సికింద్రాబాదు ఈస్టు మెట్రో స్టేషనులో ఆ మూట తనిఖీ యంత్రములో దూరఁగా, కావలివాఁడు తెఱపై దాని యెముకలన్నియుఁ జూచి, నవ్వి, "రిపేరా సార్?" అనెను. మధ్య పరేడ్ గ్రౌండు, ఆవల ప్యారడైజు. 1806లో మూఁడవ నిజాము సికందర్ జా పేర వెలసిన యీ దండుపేట మీఁదుగా, 2017 నవంబరునుండి మెట్రోబండ్లు నడుచుచున్నవి. పైనుండి చూడ రోడ్డుమీఁది రద్దీ కూడ ముచ్చటగనే యుండును. దిగినపిమ్మట సంగతి వేఱు.

భవనము ముంగిట కొత్త ల్యాప్‌టాపులు గాజు బీరువాలలో తళతళలాడుచున్నవి. మా కోరిక వానిమీఁద లేదు. లోనికిఁ బోయినకొలఁది నడవలు ఇఱుకై, వెలుతురు తగ్గి, అసలు సంత కానవచ్చినది. గోడలకు వ్రేలాడు కేబుళ్లు; పళ్లెములలోఁ బోసిన మరలు; గుట్టలుగాఁ బేర్చిన పాత బోర్డులు; ఒకచోట బ్లోయరుతో పెట్టెలోని పదేండ్ల దుమ్మును వెడలఁగొట్టుచుండిరి. టంకము కాలిన వాసనయు చాయ్ వాసనయుఁ గలసి వచ్చుచుండెను. తెలుఁగు, హిందీ, ఉర్దూ మూఁడును ఒకే వాక్యములోఁ గలసిపోవుచుండెను. తండ్రుల వెంట వచ్చిన కళాశాల పిల్లలు కొందఱు తండ్రులకే పాఠము చెప్పుచుండిరి.

మొదటి యంగడివాఁడు మా మూట విప్పనీయకయే, "ఇదేం చేస్తరు మేడం, పాతది. కొత్తది ఇరవై ఆరు వేలల్ల సెట్టు ఇస్త" ననెను. మా వద్ద నున్నది 3,000 రూపాయలు. రెండవచోట ఐ5-4570 అను నాలుగవ తరపు ప్రాసెసరు చౌకగాఁ జూపిరి. ధర చూచి మావారు తలయూఁపిరి, నేను వలదంటిని. మా బోర్డు హెచ్61. దానిపైనున్న సాకెట్టు 1155. ఆ నాలుగవ తరమునకు 1150 సాకెట్టు కావలెను. ఆ యంకెలు స్పర్శబిందువుల లెక్క. అయిదే తక్కువ గదా యని సరిపెట్టుకొనుటకు వీలులేదు. రెండు-నాలుగు కొలత చేతికి రెండు-రెండు గాజు, లాడ్ బజారు మలారమువాఁ డెంత నేర్పరియైనను ఎక్కింపఁగలఁడా? ఇంటినుండి బయలుదేఱుటకు ముందే బోర్డు పేరును సాకెట్టు సంఖ్యయుఁ గాగితముపై వ్రాసికొనుట యందుకే. నేను వ్రాసికొన్న చీటీ మా కా దినమునఁ జేసిన మేలు ఇంతంత గాదు.

మూఁడవ యంగడిలోని కుఱ్ఱవాఁడు చీటీ చూచి, "బోర్డు నంబరు తెచ్చుకున్నరు, మంచి పని చేసిన్రు" అని రెండు ప్రాసెసర్లు బల్లమీఁదఁ బెట్టెను. రెండును మూఁడవ తరమువే. ఐ5-3470లో నాలుగు కోర్లు; ఐ7-3770లో నాలుగు కోర్లే కాని, యొక్కొక్కటి రెండు పనులఁ బట్టుకొనును. మా ఐ3లో నున్న కోర్లు రెండే. ఐ5 ధర 1,500. ఐ7 ధర 3,200. ఐ7 వేగము అధికమే, కాని రెట్టింపు కాదు. ధర మాత్రము రెట్టింపును మించినది. ఐ5ను ఏర్పఱచుకొంటిమి.

అయితే చిక్కొకటి కలదు. మూఁడవ తరము 2012లో వెలువడెను. మా బోర్డులోని బయాస్ 2011 నాఁటిది. అది తన తరువాతఁ బుట్టిన ప్రాసెసరు నెఱుఁగదు. కావున పాత ప్రాసెసరు ఉండఁగనే బయాస్‌ను నవీకరించి, పిమ్మట మార్పు చేయవలెను. ఆ నవీకరణము నడుమ కరెంటు పోయెనా, బోర్డే పనికిరాకపోవును; నా 412 పుటలును నంతటితో సరి. కుఱ్ఱవాఁడు పెట్టెను యూపీఎస్‌కుఁ దగిలించి, పెన్‌డ్రైవు పెట్టెను. తెఱపై గీఁత మెల్లగా నిండుచుండెను. ఇంతలో నడవలోని దీపము లొక్కసారి రెపరెపలాడినవి. మావారు గోడవైపు తిరిగిరి. నేను మాత్రము ఆ గీఁతనుండి చూపు మరల్పలేదు. అది నిండినది.

తరువాతి పని చూడ నందముగా నుండెను. ఫ్యాను విప్పి, ఎండి పెంకు గట్టిన పాత పేస్టు తుడిచి, ఇనుపకొక్కెము లేపి, ఐ3ను వ్రేళ్ల కొనలతోఁ దీసెను. ఈ సాకెట్టులో సన్నని ముండ్లు బోర్డునందే యుండును. ప్రాసెసరు జాఱి పడి వానిలో నొకటి వంగినను పని చెడును. అతఁడు దీపము వేసి, ముండ్లు తిన్నగా నున్నవని మాకుఁ జూపిన పిమ్మటనే ఐ5ను ఉంచెను. పైన బఠానీగింజంత కొత్త థర్మల్ పేస్టు; దానిపై దుమ్ము దులిపిన ఫ్యాను. మీట నొక్కఁగా తెఱ క్షణకాలము నల్లగనే యుండి, పిమ్మట ఐ5-3470 అని పేరు చూపెను. మా ప్రశ్నపత్రము వంటి దొకటి నేనుఁ దెచ్చితిని: ఇరువది పుటలను అచ్చటనే మార్పించి చూచితిని. వేఁడిమి హద్దు మీఱలేదు.

ప్రాసెసరు 1,500, పనికూలి 400. రసీదుపై ఏడు దినముల పూచీ వ్రాయించుకొంటిని; అడుగకున్న వ్రాయరు. పాత ఐ3కు 200 ఇచ్చెదననఁగా, ఇచ్చివేసితిమి.

ఇంట లోఁగడ డెబ్బది నిమిషములు పట్టిన పుటల కట్ట ఆ రాత్రి ముప్పదియాఱు నిమిషములలో ముగిసినది. పూచీ దినములు గడచులోపల దోషమేదైన నుండినఁ బయటపడవలెనని, యంత్రమునకు రాత్రింబవళ్లు పని కల్పించితిని. ఆఱవనాఁటి సాయంకాలమునకు 412వ పుటయు మారినది. ఇఁక దిద్దుపని నాది.