కారుకి పుట్టినరోజు ఉంది, మా నాయనలకి లేదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము హాస్టల్లో ఒకే రూములో ఉండే ముగ్గురం. ఇద్దరం తండా నుంచి, ఒకడు నల్లమల చెంచుగూడెం నుంచి. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఖర్చులకి డబ్బుల్లేక గోస్పాడు దగ్గర ఒక టింకరింగు షెడ్డులో నలభై రోజులు కూలికి పోయినాం. ఆడ ఒక పాత కారు ఉండింది. స్టాండర్డ్ హెరాల్డ్, 1969 మోడల్. ఎన్నేళ్లో వడ్ల గోడౌన్లో మూలన పడి ఉండిందంట. దాన్ని బాగుచేసి అమ్మాలని ఓనరు తెచ్చి పెట్టినాడు.

అది బ్రిటన్ వాళ్ల ట్రయంఫ్ హెరాల్డే. మన దేశంలో మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. గీసింది మికెలోటి అనే ఇటలీ ఆయన. ఇదే ఛాసిస్‌ని కురచ చేసి బ్రిటన్లో 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చినారు. ఇంజను 948 సీసీ. బానెట్టు ముందుకి లేపితే మడ్‌గార్డులు కూడా కలిసే లేస్తాయి, ఇంజను మొత్తం కళ్లెదుట కనపడుతుంది. బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, కాబట్టే విప్పి ఒక్కొక్కటీ బాగుచేయగలిగినాం. ఎమరీ పేపరుతో తుప్పు రుద్దీ రుద్దీ మా వేళ్ల తోలు పోయింది.

పని అయినాక మేస్త్రన్న, "మీరు సదువుకున్నోళ్లు గదప్పా, అమ్మకానికి ఇంగ్లీషులో రాసియ్యండి" అని ఒక ఫైలు చేతికిచ్చినాడు. తెరిచి చూస్తే మాకు నోట మాట రాలేదు. కొన్నప్పటి బిల్లు, ఆర్సీ, పాత ఇన్సూరెన్సులు, టాక్సు రసీదులు, అన్నీ ఉన్నాయి. ఏ రోజు షోరూం నుంచి బయటికొచ్చిందో తేదీతో సహా ఉంది.

2021 జూలైలో కేంద్రం పాత బండ్లకి రూలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనై 50 ఏళ్లు దాటి, ఛాసిస్సు, బాడీ, ఇంజను మార్చకుండా ఉంటే వింటేజ్ బండి కింద రిజిస్టరు చేస్తారు. ముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజూ తిప్పడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనలు లాంటి వాటికి మాత్రమే. కానీ పాత ఆర్సీ చూపించాలి. అందుకే చూడనీకి వచ్చినోళ్లందరూ ఇంజను స్టార్టు చేయమనక ముందే "పేపర్లు ఉన్నాయా?" అనేవాళ్లు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మాలో ఇద్దరి నాయనలకి ఆధార్లో పుట్టిన తేదీ జనవరి 1. ఆ రోజు పుట్టినారని కాదు. తేదీ తెలీదంటే క్యాంపులో రాసుకునేటాయన అదే వేసేసినాడు. మూడోవాడి నాయన పేరు ఆధార్లో ఒక తీరు, వీడి కుల సర్టిఫికెట్లో ఇంకో తీరు. ఆ ఒక్క అక్షరం కోసం వాడు ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగినాడు. మూడో పొద్దు వాళ్ల నాయన అడవిలో పని మానుకుని వచ్చి, గుమస్తా ముందర చేతులు కట్టుకుని నిలబడి "నేనేనయ్యా వీడి నాయన" అన్నాడు. స్కాలర్‌షిప్పు కొంచెంలో పోయేది. యాభై ఏళ్ల కారు నోరు తెరవకుండానే తనెవరో చెప్పుకుంటాది. మా నాయన నోరు తెరిచి చెప్పినా ఎవరూ నమ్మలేదు.

ఇది కారు మీద కోపం కాదు. ఆ ఓనరు ఇంట్లో ఎవరో చిన్న రసీదు కూడా పారేయకుండా దాచినారు, దానికే ఇంత విలువ వచ్చింది. మా ఇళ్లల్లో దాచనీకి పెట్టె లేక కాదు, దాచాలని చెప్పేటోళ్లు లేక పోయినాయి. చెప్పాల్సింది ఇప్పుడు మనమే.

షెడ్డు నుంచి పోయేముందు మేస్త్రన్న మమ్మల్ని కార్లో కూర్చోబెట్టి గోస్పాడు దాకా ఒక రౌండు తిప్పినాడు. కూలి డబ్బుల్లో మూడు ప్లాస్టిక్ ఫైళ్లు కొన్నాం. ఇంటికి పోయి మా అవ్వని అడిగితే, "మీ నాయన జొన్న కోతలప్పుడు పుట్టినాడు, ఆ ఏడు మన ఎర్రావు కూడా ఈనింది" అని చెప్పింది. అది ఏ ఆఫీసులోనూ చెల్లదు, తెలుసు. అయినా తెల్ల కాగితం మీద రాసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టినాం.

దసరా సెలవులకి ఇంటికి పోయేటోళ్లందరికీ ఒక మాట. అమ్మానాయనల పేర్లు వాళ్ల ఆధార్లో, మీ పదో తరగతి మార్కుల లిస్టులో, కుల సర్టిఫికెట్లో ఒకే తీరు ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అడ్మిషన్ల టైము దాకా ఆగొద్దు. పొలం కాగితం ఉంటే జిరాక్సు తీసి పెట్టండి. ఎట్ల చేయాలో తెలీకపోతే కింద రాయండి, మాకు తెలిసింది చెప్తాం.