పైడికంటి

గుడ్లగూబ మొహం చూడాలని పనిగట్టుకుని ఎవరైనా బయల్దేరతారా? మన ఇళ్ళల్లో దాని పేరు పిల్లల్ని కసరడానికి తప్ప నోట రాదు. "అలా గుడ్లగూబలా చూస్తావేం?" అనని తల్లి ఉందా, మీరే చెప్పండి. పెరట్లో చింతచెట్టు మీద అది అరిచిందంటే మా నాయనమ్మ చీపురు తిరగేసి నేలకేసి కొట్టేది. ఇంట్లో దూరితే ఆ ఇల్లు కొన్నాళ్ళు పాడుపెట్టాల్సిందే అనేవారు.

అలాంటి ఇంట పుట్టిన నేను, పోయిన శీతాకాలం అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, ఒక గుడ్లగూబ కోసం సముద్రపొడ్డున మూడు గంటలు తిరిగాను. తిరిగాననడం కన్నా మా మనవరాలు తిప్పిందనడం న్యాయం. హ్యారీ పాటర్ కథల్లో ఉత్తరాలు మోసే తెల్ల గుడ్లగూబ హెడ్విగ్ అంటే దానికి ప్రాణం. బోస్టన్‌కు ఉత్తరాన, కారులో గంట దూరంలో ప్లమ్ ఐలాండ్ అని సన్నటి ఇసుక దీవి ఉంది. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి గడ్డి మడుగులు. ఆ తెల్ల గుడ్లగూబ చలికాలంలో అక్కడికొస్తుందిట.

"అత్తయ్యగారూ, గాలి కోసేస్తోంది, మీరు కారులోనే కూర్చోండి" అన్నాడు అల్లుడు. చీర మీద అమ్మాయి కోటు, కాళ్ళకు బూట్లు, తలకు మంకీ క్యాపు. "నన్ను చూసి అదే జడుసుకుంటుందిలే నాయనా" అని దిగాను.

ఒడ్డున పదిమంది దాకా ఉన్నారు. గుళ్ళో ఉన్నట్టు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఇసుక దిబ్బలెక్కకూడదు. దాని దగ్గరికి వెళ్ళకూడదు. అది కళ్ళు విప్పార్చి మనకేసే చూస్తోందంటే మనం మరీ దగ్గరికొచ్చేసినట్టే, వెనక్కి తగ్గాలి.

డెబ్బై దాటినావిడ ఒకామె టెలిస్కోపు పెట్టుకుని నిలబడింది. మా అమ్మాయితో ఆవిడ చెప్పిన కబుర్లు వినాలి! ఈ పక్షుల పుట్టిల్లు ఉత్తర ధ్రువం దగ్గర, చెట్టన్నది మొలవని మంచునేల. అందుకే ఇక్కడికొచ్చినా బయలు ప్రదేశమే చూసుకుంటాయి. సముద్రపొడ్డు, లేకపోతే విమానాశ్రయం. బోస్టన్ విమానాశ్రయంలో వాలే వాటిని నార్మన్ స్మిత్ అనే ఆయన 1981 నుంచి జాగ్రత్తగా పట్టి, దూరంగా తీసుకెళ్ళి వదిలిపెడుతున్నాడు. 2013 చలికాలంలో ఈ తూర్పు తీరానికి వందల కొద్దీ వచ్చాయిట. పాపం, ఆకలికి తాళలేక వస్తాయని వెనక అనుకునేవారు. తీరా చూస్తే చాలామటుకు ఒళ్ళు చేసి బాగానే ఉంటున్నాయి. లెమ్మింగులనే ఎలుకల్లాంటివి అక్కడ విరివిగా దొరికిన ఏడాది పిల్లలు ఎక్కువ పుడతాయి. అవి ఎదిగి దక్షిణానికి బయల్దేరతాయి. పుట్టింట్లో తిండికి లోటుండి కాదన్నమాట. నేను మా అమ్మాయి మొహం చూశాను. అది నవ్వేసి తల తిప్పుకుంది.

ఆఖరికి ఆవిడ టెలిస్కోపు నా ఎత్తుకు దించి, రమ్మని సైగ చేసింది. ముందు ఎవరో పారేసిన తెల్ల సంచి అనుకున్నాను. ఆ సంచి మెల్లగా తల తిప్పింది. తెల్లటి ఒళ్ళు, దాని మీద నల్లటి చారలు. ఆడదో, ఇంకా చిన్నదో అయి ఉంటుందిట. వీటిలో మగదాని కన్నా ఆడదే పెద్దది. పసుపుపచ్చని కళ్ళు సగం మూసుకుని, మునిమాపు వేళ అరుగు మీద కూర్చున్న అవ్వలా ఉంది. కీడు చేసే మొహంలా లేదు, పాపం.

నాకు ఉన్నట్టుండి వేరే సంగతి మనసులో మెదిలింది. మావారు పోయి ఆరేళ్ళయింది. ఆమధ్య బంధువుల పెళ్ళిలో, పెళ్ళికూతుర్ని గంపలో తెస్తుంటే ఒక పెద్దావిడ నా భుజం మీద చెయ్యేసి, "ఆ గదిలోకెళ్ళమ్మా కాసేపు, ఎదురు రాకుండా" అంది. కోపంగా కాదు, ప్రేమగానే అంది. ఆ పిల్లకు పసితనంలో లాలపోసిన చేతులు నావి. అయినా మాట్లాడకుండా లేచి వెళ్ళాను. ఎవరి మొహం ఎవరికి కీడో ఎవరు తేల్చారో, ఎన్నడు తేల్చారో! ఇక్కడ ఈ మొహం ఒక్కసారి చూస్తే చాలునని చలిలో కాచుకుని నిలబడ్డారు. బెంగాలీల ఇళ్ళల్లో లక్ష్మీదేవి పక్కన కూర్చునేదీ ఈ జాతిదే.

మన భాషలో గుడ్లగూబకు పైడికంటి అని పాత పేరుంది. అంటే బంగారు కన్నులది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో, దాని కళ్ళలోకి ఒక్కసారైనా నిదానంగా చూసే ఉంటాడు.

వచ్చే మాఘమాసంలో మా మరిది కూతురి పెళ్ళి. ఈసారి మొదటి వరసలో కూర్చుందామనుకుంటున్నాను. ఎవరైనా వచ్చి భుజం మీద చెయ్యేస్తే, ఆ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఏమంటారు?