కారు కింద ఇద్దరు

మా పాత క్యామ్రీకి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. డాలస్‌లో ఆ లైటు వెలుగుతుంటే ఎమిషన్ టెస్టు పాసవదు, అది పాసవకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. మావారి ఉద్యోగం పోయి మూడో నెల. షాపువాళ్లు చెప్పిన రేటు విని "నేనే మారుస్తా" అన్నారు. సాయానికి అమ్మాయి తప్ప ఎవరున్నారు? అది మెడిసిన్ చదవనన్నప్పటినుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు, మధ్యలో నేనే పోస్ట్‌మ్యాన్‌ని.

కోడ్ పి0141 అట. క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతుండే ఆక్సిజన్ సెన్సర్‌లో హీటరు పనిచేయట్లేదని. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసే ముక్క అది, వేడెక్కితే గానీ సరిగా చెప్పదు.

కొత్తది బిగించడం తేలికే. పాతది ఊడదీయడమే, ఇన్నేళ్ల తుప్పాయె! తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా నానబెట్టారు. స్టాండ్లు పెట్టేదాకా నేను ఎవర్నీ కిందకి దూరనివ్వలేదు, ఒక్క జాకీని నమ్ముతామా? వైరు పట్టేలా చీలికున్న 22 మిల్లీమీటర్ల సాకెట్ వేసి ఈయన ఎంత లాగినా కదల్లేదు.

"కాసేపు ఇంజిన్ ఆన్ చేసి, కొంచెం వేడిమీద తిప్పుదాం నాన్నా" అంది.

మూత రాని పచ్చడి సీసాకి నేను వేణ్నీళ్లు పోయనూ, అంతే! గ్లవ్స్ వేసుకుని ఇద్దరూ కలిసి లాగితే కిర్రుమంటూ వచ్చింది.

కోడ్ చెరిపేశాక వెంటనే టెస్టుకెళ్లకూడదట. కారు తన పరీక్షలు తాను పూర్తిచేసుకునేదాకా కొన్నాళ్లు తిప్పాలి. రోజూ సాయంత్రం ఇద్దరూ తిప్పుతున్నారు. నన్ను రమ్మనలేదు, నేనూ అడగలేదు.