తిప్పే రోలరు, పట్టే రబ్బరు

జిరాక్స్ షాపులో కాగితం కదలక మిషను మొరాయిస్తే షాపతను ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? ట్రే బయటికి లాగి, లోపలున్న చిన్న నల్ల రబ్బరు రోలరుని తడిగుడ్డతో తుడుస్తాడు. ట్రే మళ్లీ తోస్తాడు. కాగితాలు చకచకా వచ్చేస్తాయి. మోటారు బాగానే ఉంది, పళ్లచక్రాలు బాగానే ఉన్నాయి, కరెంటూ ఉంది. లేనిదల్లా ఆ రబ్బరుకి కాగితం మీద పట్టు. కాగితం దుమ్ము పేరుకుని నున్నగా అయిపోయింది, అంతే.

ఇవాళ మన కబుర్లు ఆ పట్టు గురించేనండి.

ఫ్యాక్టరీల్లో బెల్టునో, రేకునో, గుడ్డనో తాను తిరుగుతూ ముందుకి నడిపే రోలరుని డ్రైవ్ రోలర్ అంటారు. ఒక కన్వేయర్‌కి వందల రోలర్లున్నా మోటారు తిప్పేది ఒకదాన్నో రెండిటినో. మిగతావి బరువు మోస్తూ బెల్టుతోపాటు ఊరికే తిరుగుతాయి. సింగరేణిలో బొగ్గు మోసే బెల్టయినా, విశాఖ రేవులో ఇనుప ఖనిజం మోసే బెల్టయినా చివర ఉండే ఇలాంటి పెద్ద డ్రమ్ము మీదే నడుస్తుంది. మధ్యలో చైను లేదు, పళ్లు లేవు. డ్రమ్ముకీ బెల్టుకీ మధ్య ఉన్న రాపిడే టన్నుల కొద్దీ సరుకుని లాక్కుపోతుంది.

రాటకి పలుపు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే ఎంత పొగరుబోతు ఎద్దయినా ఆగుతుంది కదా, ఇదీ అదే. ఆ లెక్కని 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే స్విట్జర్లాండ్ గణితవేత్త సూత్రంగా రాసిపెట్టాడు. తాడు ఎంత మేర చుట్టుకుంది, రాపిడి ఎంత, ఈ రెండే అందులో ఉంటాయి. రాట లావుతో పని లేదు. నాకు ఆ సూత్రం మీద ఉన్న ఇష్టమంతా అక్కడే.

బెల్టు డ్రమ్ముని సగం చుట్టింది అనుకోండి. వానాకాలం, వట్టి ఉక్కు డ్రమ్ము తడిసి ఉంది. రాపిడి గుణకం 0.1 దగ్గరికి పడిపోతుంది. లాగే వైపు బిగువు వదులు వైపు బిగువుకి 1.37 రెట్లు దాటిందంటే బెల్టు జారిపోతుంది. అదే డ్రమ్ముకి గాళ్లు తీసిన రబ్బరు తొడిగితే తడిలో కూడా గుణకం సుమారు 0.25 ఉంటుంది, దాదాపు 2.2 రెట్ల దాకా జారదు. అంటే వదులు వైపు బిగువు పెంచకుండానే లాగే బలం మూడు రెట్లు దాటింది. మోటారు మార్చలేదు, బెల్టు మార్చలేదు. వేలెడు మందం కూడా లేని రబ్బరు చేసిన పని అది. బెల్టునే ఇంకా బిగించేస్తే సరిపోదా అంటారేమో. సరిపోతుంది, కానీ ఆ బిగువంతా బెల్టు అతుకులూ బేరింగులూ భరించాలి, అవి ముందే పోతాయి.

ఆ గాళ్లు అందం కోసం కాదు. బాణం ములుకుల్లా వరసగా ఉంటాయి. ములుకు తిరిగే దిక్కుకి ఉండాలి, అప్పుడు నీళ్లూ బురదా రెండు అంచులకీ పోతాయి. డ్రమ్ముని తిరగేసి బిగిస్తే అదంతా మధ్యకి చేరుతుంది.

ఇంకో తమాషా. బెల్టు పక్కకి జరిగి పడిపోకుండా ఏం చెయ్యాలి? డ్రమ్ము మధ్యలో పల్లం తీస్తే అందులో కూర్చుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. చేసేది దానికి పూర్తిగా ఎదురు. మధ్యలో కాస్త ఉబ్బు ఉంచి రెండు వైపులా వాలు ఇస్తారు. బెల్టు వాలు మీదికి జరిగితే, లావున్న వైపు దాన్ని ఎక్కువ బిగువుగా లాగుతుంది. వచ్చే బెల్టు ఆ వైపుకి వంగి, ప్రతి చుట్టుకీ కొంచెం పైకి ఎక్కుతుంది. అలా ఎక్కుతూ నడిమికి చేరి అక్కడే స్థిరపడుతుంది. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఇంజనీరింగ్ చదువుతుంటే ఈ ప్రశ్న అడిగి చూడండి. అయితే లోపల ఉక్కు తీగలున్న పెద్ద బెల్టులకి ఉబ్బు పెట్టరు, ఆ తీగలు సాగవు కాబట్టి.

తయారీకి వద్దాం. ఉక్కు గొట్టం కోసి, రెండు చివరలా బిళ్లలు వెల్డింగ్ చేసి, షాఫ్టు ఎక్కించి, లేతు మీద చెక్కుతారు. ఇంతవరకు బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మంచి టర్నర్ ఎవరైనా చేస్తాడు. అసలు విద్య ఆ తర్వాతే. ఉక్కూ రబ్బరూ వాటంతట అవి అతుక్కోవు. గరుకు రవ్వని గాలితో కొట్టి ఉక్కుని తుప్పు లేకుండా గరుకు చేస్తారు. జిడ్డు తుడుస్తారు. ఆపైన వట్టి చేత్తో తాకకూడదు, వేలి ముద్రలోని జిడ్డు చాలు అక్కడ పొర లేవడానికి. అతికించే మందు పూసి, ఆరాక, పచ్చి రబ్బరుని పట్టీలుగా, మధ్యలో గాలి బుడగ చిక్కకుండా చుడతారు. దాని మీద తడిపిన నైలాన్ గుడ్డ పట్టీ బిగుతుగా చుడతారు. వేడికి ఆ పట్టీ బిగిసి రబ్బరుని ఉక్కుకేసి అదుముతుంది.

అప్పుడు ఆవిరి బాయిలరు లాంటి ఆటోక్లేవ్‌లో పెట్టి 140, 150 డిగ్రీల్లో గంటల తరబడి ఉడికిస్తారు. పచ్చి రబ్బరు వేడికి జిగటగా, చలికి పెళుసుగా ఉంటుంది. దాన్లో గంధకం కలిపి వేడి చేస్తే నిలకడైన రబ్బరు అవుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. గంధకం రబ్బరు అణువుల పొడుగాటి గొలుసుల్ని ఒకదానికొకటి ముడి వేస్తుంది. ఇక్కడ తొందరపడితే పైపొర ఉడుకుతుంది, లోపల ఉక్కుని పట్టుకోవాల్సిన పొర పచ్చిగా మిగులుతుంది. బయటికి చూస్తే ఏమీ తెలియదు. బరువు పడ్డాకే తొడుగు ఊడొస్తుంది. ఓపికగా ఉడికించేవాళ్లకి ఆ ఓపికకి తగ్గ డబ్బు ఇవ్వడం న్యాయమని నా గట్టి నమ్మకం.

చల్లారాక పట్టీ విప్పి, గ్రైండింగ్ రాయితో సరైన కొలతకి అరగదీస్తారు. షోర్ మీటరు గుచ్చి గట్టితనం చూస్తారు. కారు టైరు ఆ మీటరులో సుమారు 60, 70 చూపిస్తుంది, బెల్టు డ్రమ్ము రబ్బరు కూడా దాదాపు అంతే. పాత రోలరయితే అరిగిన తొడుగు లేతు మీద చెక్కేసి మళ్లీ మొదటి నుంచి ఇదే పని. ఉక్కు ఏళ్ల తరబడి అదే ఉంటుంది.

రోలరు ఇచ్చి “రబ్బరు వేసి పెట్టండి” అంటే చాలదండి. నూనె తగిలేదయితే నైట్రైల్ రబ్బరు కావాలి, మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది. కోతకీ రాపిడికీ తట్టుకోవాలంటే పాలీయురేథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన ఈ పదార్థాన్ని ద్రవంగా అచ్చులో పోస్తారు. వేడి నీళ్లూ ఆవిరీ తగిలే చోట మాత్రం దాన్ని నమ్మకండి. ఈ మధ్య పార్సిల్ గోదాముల్లో 24 వోల్టుల మోటారుని రోలరు కడుపులోనే పెట్టేస్తున్నారు, పెట్టె వచ్చినప్పుడే తిరుగుతుంది.

మనం రోజూ తినే అన్నం వెనకా రోలర్లున్నాయి. మిరియాలగూడ, తాడేపల్లిగూడెం వైపు మిల్లుల్లో చూసినవాళ్లకి తెలుసు. వెనకటి హల్లరులో ధాన్యం ఇనుముకి రాసుకుని నూకలు ఎక్కువ పడేవి, ఊకా తవుడూ కలిసిపోయేవి. రబ్బరు షెల్లర్‌లో రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. వాటి మధ్య సందు వడ్లగింజ మందం కన్నా తక్కువ. రెండిటి వేగమూ ఒకటి కాదు, ఒకటి ఇంకోదానికన్నా పావు వంతు దాకా ఎక్కువ. గింజ ఒక పక్కని ఒకటి ముందుకి లాగుతుంటే రెండోది వెనక్కి పట్టి ఉంచుతుంది. ఊక రెండుగా విడిపోతుంది, లోపల గింజ చాలామటుకు విరగదు. రబ్బరు మెత్తగా ఉంటే త్వరగా అరుగుతుంది, మరీ గట్టిగా ఉంటే నూకలు పెరుగుతాయి. అందుకే షోర్ మీటరులో 85, 90 దగ్గర ఉంచుతారు. అరిగిన రబ్బరు పొడి బియ్యాన్ని నల్లబరచకుండా తెల్లటి రబ్బరు వాడేవాళ్లూ ఉన్నారు.

వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. అరిగి సన్నబడితే దాని అంచు వేగం తగ్గుతుంది, రెండిటి మధ్య తేడా పోతుంది, వడ్లు ఊడకుండా అలాగే జారిపోతాయి. అందుకని తెలిసిన మిల్లువాళ్లు నడుమ మిషను ఆపి ఆ రెండు రోలర్లనీ ఒకదాని చోటికి ఇంకోటి మారుస్తారు. ఎప్పుడైనా మిల్లుకి వెళ్తే అక్కడి మేస్త్రిని అడగండి, జత రోలర్లు ఎంత ధాన్యం ఆడాయి, ఎన్నిసార్లు మార్చారు అని.