నాణేల వాన కురిసిన కొండ

విజయవాడ నుంచి హైదరాబాద్‌ వెళ్లేవాళ్లకి నందిగామ, జగ్గయ్యపేట... బస్సు కిటికీలోంచి కనిపించి వెనక్కి వెళ్లిపోయే ఊళ్లు. పత్తి చేలు, మిరప తోటలు, సున్నపురాయి లారీలు. చూడ్డానికేముంది అనుకుంటాం. కానీ ఈ దారిలో రెండువేల ఏళ్ల కిందట ఓ వాన కురిసింది. నీళ్ల వాన కాదు, నాణేల వాన!

జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరుతో దీన్ని పేటగా మార్చాడు. ఊరి పక్కనున్న గుట్టని ధనంబోడు అంటారు. అంటే ధనపు దిబ్బ. 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్‌ బర్జెస్‌ ఇక్కడ తవ్వించినప్పుడు బయటపడింది మాత్రం బౌద్ధ స్తూపం. చుట్టుపక్కలవాళ్లు ఇళ్లకీ గోడలకీ పట్టుకుపోగా మిగిలిన పలకల్లో ఒకదానిమీద మాంధాత చక్రవర్తి ఉన్నాడు. గొడుగు కింద నిలబడి చెయ్యెత్తితే, మబ్బుల్లోంచి పలకల్లాంటి చదరపు నాణేలు జలజలా రాలుతుంటాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, రాణి, మంత్రి... ఎంత ఉన్నా చాలదనుకున్న ఆ రాజు చివరికి స్వర్గం నుంచి నేలమీద పడ్డాడని జాతక కథ చెబుతుంది. ఆ పలకని చూడాలంటే ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలి.

అయితే, ఈ స్తూపం దగ్గర దొరికిన అసలు నిధి మరొకటుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటి శాసనం అది. సిద్ధార్థుడనే శిల్పి తన వాళ్లందరితో కలిసి, సొంత ఖర్చుతో తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. ఎందుకంటే... సర్వలోక హితం కోసమట! రాజు కాదు, వ్యాపారి కాదు, చేత్తో రాయి చెక్కుకునే మనిషి.

పద్దెనిమిది శతాబ్దాల తర్వాత, 2021 అక్టోబరులో, లండన్‌లో అలాంటి పనే జరిగింది. సిసిలీ బ్రౌన్‌ గీసిన ఓ చిత్రం క్రిస్టీస్‌ వేలంపాటలో సుమారు 35 లక్షల పౌండ్లకి పోయింది. ఆ సొమ్ము వెళ్లింది వాతావరణం కోసం కోర్టుల్లో పోరాడే 'క్లయింట్‌ఎర్త్‌' అనే న్యాయవాదుల సంస్థకి. వెనక ఉన్నది 2020లో గ్యాలరీలవాళ్లు పెట్టుకున్న వాతావరణ కూటమి. ఆంటొనీ గార్మ్‌లీ వంటి కళాకారులూ ముందుకొచ్చారు. గోడమీది బొమ్మ పదిమందికీ పనికొచ్చే డబ్బవడమంటే ఇదే. బొమ్మల్ని విమానాల్లో ఊరూరా తిప్పే ఆ వ్యాపారం కూడా కర్బనం వదులుతుంది కదా అంటారా? అందుకే 2030 నాటికి తమ ఉద్గారాల్ని కనీసం సగానికి తగ్గించుకోవాలన్నది ఆ కూటమి పెట్టుకున్న లక్ష్యం.

లండన్‌ గోల మనకెందుకు? ఎందుకో మునేరుని అడగాలి. 2023 జులైలో నందిగామ దగ్గర ఐతవరంలో మునేరు పొంగి జాతీయ రహదారిని ముంచేసింది. వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో మళ్లీ అదే కథ. ఆసారి జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో పాలేరు వంతెన కూడా దెబ్బతింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమని పట్టుకోగలదు. అది ఒక్కసారిగా కురిస్తే ఏరేది, రోడ్డేది?

ఇందులో ఇంకో చిత్రముంది. మాంధాతని చెక్కింది కృష్ణాలోయ సున్నపురాయిమీద. ఇప్పుడు ఆ జాతి రాయే ఈ చుట్టుపక్కల సిమెంటు కొలుముల్లోకి వెళుతోంది. సున్నపురాయిని కాలిస్తే దాన్లో దాగిన బొగ్గుపులుసు వాయువు బయటికొస్తుంది. ప్రపంచ ఉద్గారాల్లో ఏడెనిమిది శాతం సిమెంటు వాటానే. అలాగని వద్దనలేం. మన ఇల్లు, వంతెన, ఈ మెట్టసీమ కుర్రాళ్ల ఉద్యోగాలు అన్నీ దాంతోనే. ఒకే రాయి, ఒకప్పుడు బొమ్మయింది, ఇప్పుడు బస్తా అయింది. ధర రెండింటికీ ఉంది. వానలూ వరదల రూపంలో వచ్చే ఖర్చు మాత్రం బస్తామీద అచ్చేసి ఉండదు.

ధనంబోడు పలకల్ని వేలం వేయలేం, వేయకూడదు కూడా. వందేళ్లు దాటిన పురావస్తువుల్ని దేశం దాటించకుండా 1972 చట్టం అడ్డుకుంటుంది. కానీ ఇవాళ్టి చిత్రకారుల బొమ్మలకి ఆ అడ్డు లేదు. హైదరాబాద్‌లో గ్యాలరీలున్నాయి, కొనేవాళ్లున్నారు. ఒక్క బొమ్మ డబ్బుతో మునేరు గట్టున నాలుగు ఊళ్లకి వరద హెచ్చరిక సైరన్లు పెట్టుకోవచ్చేమో!

ఎలా వెళ్లాలి: విజయవాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారిమీద నందిగామ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట 80. ఇవి 2022 నుంచి ఎన్టీఆర్‌ జిల్లాలో ఉన్నాయి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మనీ, కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహుణ్నీ చూసి రావచ్చు. గుట్టమీద మాంధాత లేడు. కానీ సర్వలోక హితమన్న సిద్ధార్థుడి మాట పుట్టింది అక్కడే.