ఆసుల జత వచ్చిన రాత్రి!

"కాసినో రాయల్" చూసి పోకర్ నేర్చుకుందామని సరదాపడ్డ వాళ్లలో నేనూ ఒకణ్ణి. 2006లో వచ్చిన ఆ సినిమా క్లైమాక్సు గుర్తుందా? బల్ల చుట్టూ నలుగురు. ఒకడికి ఫ్లష్షు. ఇంకొకడికి ఎనిమిదులతో ఫుల్ హౌసు. విలన్‌గారికి ఆసులతో అంతకన్నా పెద్ద ఫుల్ హౌసు. మన బాండు బాబు తాపీగా ఇస్పేటు అయిదూ, ఏడూ తిప్పి చూపిస్తాడు... స్ట్రెయిట్ ఫ్లష్షు! ఈల వేశాను సుమండీ, అబద్ధమెందుకు!

అన్నట్టు, ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో రాసిన నవలలో ఆ ఆట పోకరు కాదు, బకరా. సినిమావాళ్లు మార్చారు. అప్పటికి పోకరు మంచి జోరుమీద ఉంది మరి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అమెరికన్ అకౌంటెంటు ఇంటర్నెట్టులో వంద డాలర్ల లోపు పందెంతో నెగ్గి, లాస్‌వేగాస్ ప్రపంచ పోటీలో సీటు సంపాదించి, ఏకంగా 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. ఇంటిపేరే మనీమేకర్! కథలో ఆ పేరు పెడితే ఏ నిర్మాతా ఒప్పుకోడు.

సరే, నా కథకొద్దాం. 2019. బెంగుళూరులో ఒక గది, నేనూ, నా రూమ్మేటూ. మా బాబాయి దగ్గర పదమూడు ముక్కల రమ్మీ నేర్చుకున్నవాణ్ణి కదా, పోకరెంతలే అనుకున్నాను. చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అయిదు, ఏడింట్లో మంచి అయిదు. ఇంతే కదా! ఫోన్లో ఆడటం మొదలెట్టాను.

ఒక రాత్రి రెండు ఆసులు పడ్డాయి. సగటున 221 పంపకాలకోసారి పడే జత అది. గుండె దడదడ! పెద్ద పందెం వేస్తే అందరూ పారిపోతారని నక్కి కూర్చున్నాను. నలుగురూ చవగ్గా లోపలికొచ్చారు. అదే నా తప్పు. ఎదుట ఒక్కడే ఉంటే ఆసుల జత నూటికి ఎనభై అయిదుసార్లు నెగ్గుతుంది. నలుగురుంటే యాభై ఆరుకి దిగిపోతుంది. అందుకే మంచి జత పడితే ముందే పందెం పెంచి జనాన్ని తగ్గించుకోవాలి. నాకెవరు చెప్పారు అప్పుడు? మూడూ నాలుగూ పట్టుకొచ్చిన మహానుభావుడొకడు రెండు జతలు కట్టుకుని నన్ను ఊడ్చేశాడు.

అక్కడ ఫోను పక్కన పెట్టాల్సింది. పెట్టలేదు. పోయింది రాబట్టాలని తెల్లవారుజామున మూడింటిదాకా ఆడాను. బల్లమీద ఎదురుబొదురు ఆడితే గంటకి ఇరవై ముప్ఫై పంపకాలు. ఫోన్లో అరవై దాటతాయి. డబ్బు కూడా అంత వేగంగానే పోతుంది. పధ్నాలుగు వేలు! ఆ నెల గది అద్దె. అందులో ఏడువేలు రూమ్మేటు నా చేతికిచ్చిన వాటా.

పొద్దున్నే చెప్పాను. వాడు అరవలేదు. "గెలిస్తే నాకు సగం ఇచ్చేవాడివారా?" అన్నాడంతే. తిట్టినా బావుండేది.

డబ్బు పెట్టి ఆడటం గురించి ఇప్పుడు బెంగే లేదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆపేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. రమ్మీ నేర్పుతో కూడిన ఆటేనని 1967లో సుప్రీంకోర్టు అన్న మాట పట్టుకుని మా బాబాయి ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. కొత్త చట్టానికి నేర్పూ అదృష్టం తేడా లేదు, డబ్బు పెట్టిన ఆన్‌లైను ఆటయితే చాలు. కనుక నేర్చుకునేవాళ్లకి ఉత్తుత్తి చిప్పులే గతి. మంచిదే! కాని ఊరికే వచ్చిన చిప్పులతో ఎవడూ డ్రాప్ అవడు. నేర్చుకోవాల్సిందేమో అదే. రమ్మీలో చెత్త చెయ్యి పడితే ఇరవై పాయింట్లిచ్చి తప్పుకోమూ? ఇక్కడా అంతే. పంపకాల్లో ముప్పాతికవంతు పారేసినా తప్పులేదు.

ఇంకొకటి, కాగితం పెన్సిలు తీసుకోండి. బల్లమీద మూడు ముక్కలు తెరిచాక మీకు నాలుగు ఇస్పేట్లున్నాయి, అయిదోది కావాలి. మిగిలినవి తొమ్మిది. మీరు చూడని ముక్కలు నలభై ఏడు. తర్వాతి ముక్కకే అది పడే అవకాశం నూటికి పంతొమ్మిది. కుప్పలో 300 ఉంటే ఎదుటివాడు 150 వేశాడు. మీరూ 150 వేస్తే మొత్తం 600, అంటే మీ వాటా నూటికి పాతిక. పంతొమ్మిది చేతిలో పెట్టుకుని పాతిక ఇవ్వటమేమిటి? వచ్చాక ఇంకా పెద్ద మొత్తం రాబట్టగలననే ధీమా ఉంటే తప్ప పారేయండి. ఈ లెక్క చేతికొచ్చేసరికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు ఆదివారాలు రూమ్మేటూ, ఇంకో ముగ్గురూ, నేనూ చింతగింజలతో ఆడుతున్నాం. మొన్న మళ్లీ రెండు ఆసులు పడ్డాయి! నేర్చుకున్న పాఠం ప్రకారం ఒకేసారి నలభై గింజలు ముందుకి తోశాను. మా వాడు నా మొహంకేసి చూసి, నవ్వి, ముక్కలు పారేశాడు. మిగతావాళ్లూ పారేశారు. బల్లమీద మొదట వేసిన మూడు గింజలు నావయ్యాయి.

ఈలలెవరూ వెయ్యలేదు.