మంచిమాట కూడా హక్కే

“మా తదనంతరం వీడి గతి ఏమిటి?” వికలాంగ సంతానం ఉన్న తల్లిదండ్రులు మా వద్దకు తెచ్చే ప్రశ్నలలో అన్నిటికన్నా కఠినమైనది ఇదే. వారసత్వం గురించో, తలాఖ్ గురించో అడిగితే గ్రంథం తెరచి చెప్పగలము. ఈ ప్రశ్నకు మాత్రం గ్రంథం మూసి, లేచి, వారి వెంట నడవవలసి ఉంటుంది.

గత సంవత్సరం మా మొహల్లాలోని ఒక వితంతు సోదరి ఇదే ప్రశ్నతో వచ్చారు. ఆమె కుమారునికి 24 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు, మాట స్పష్టంగా రాదు. అయితే ఎదుటివారు చెప్పేది పూర్తిగా గ్రహిస్తాడు. అతణ్ణి లేపి కూర్చోబెట్టే శక్తి ఆమె మోకాళ్లకు ఇక లేదు. “హజ్రత్, ఊరి చివర ఒక హోమ్ ఉందట. మా వాణ్ణి అక్కడ ఉంచవచ్చా? మీరొకసారి చూసి చెప్పండి” అన్నారు. తల్లి బతికి ఉండగా బిడ్డను హోమ్‌లో వేస్తారా అని బంధువులు ఆమెను నిందిస్తున్నారు. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిమీదా మోపడని ముందుగా వారికి నచ్చజెప్పి, ఆమెతో, ఆమె తమ్మునితో కలిసి వెళ్లాము.

అద్దె ఇంట్లో నడిచే చిన్న వసతి గృహమది. 11 మంది పురుషులు ఉంటారు. నేల శుభ్రంగా ఉంది. వంటగదిలో బియ్యం బస్తాలు, అలమారలో ఉతికి మడిచిన బట్టలు ఉన్నాయి. ఏ దాత ఏ రోజున భోజనం పెట్టించాడో రాసుకున్న పుస్తకాన్ని నిర్వాహకుడు సంతోషంగా చూపాడు.

మాకు నిసా సూరాలోని 5వ ఆయత్ జ్ఞాపకం వచ్చింది. తమ సొమ్మును తాము చక్కబెట్టుకోలేని వారి గురించి చెబుతూ, వారికి తిండి, బట్ట ఇవ్వడంతో పాటు వారితో మంచిగా మాట్లాడమని కూడా అల్లాహ్ అక్కడ ఆజ్ఞాపించాడు. ఇతరుల సంరక్షణలో బతికే ప్రతి మనిషి విషయంలోనూ ఈ మూడూ కొలబద్దలే. మొదటి రెండూ ఆ ఇంట్లో ఉన్నాయి. మూడవది ఉందా అని చూడసాగాము.

ఒక పనివాడు మంచంమీది మనిషికి గబగబా అన్నం పెడుతూ, “వీడికేమీ తెలియదు లెండి” అని మాతో అన్నాడు. మంచంమీది మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మరొక యువకుడు ఒకరిని లేపే ముందు, “అన్నా, లేపుతున్నా, సరేనా?” అని అడిగి, ఆయన కళ్లు మూసి తెరిచేదాకా ఆగాడు. తరువాత నిటారుగా కూర్చోబెట్టి, ముద్ద మింగిన తరువాతనే మరో ముద్ద పెట్టాడు. పడుకోబెట్టి తొందరగా తినిపిస్తే మెతుకులు శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఉంది. తనంతట తాను ఒత్తిగిలలేని మనిషిని సుమారు 2 గంటలకొకసారి పక్కకు తిప్పకుంటే నడుము, మడమల వద్ద పుండ్లు పడతాయి. అందుచేత మంచిమాట అంటే నాలుకకు సంబంధించినది మాత్రమే కాదు. ఎదుట ఉన్నది మనిషి అని చేతులకు కూడా తెలియాలి. అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)ను దైవప్రవక్త (స) జాలితో పోషించి ఊరుకోలేదు. అజాన్ బాధ్యత ఇచ్చారు, తాము మదీనా విడిచి వెళ్లినప్పుడు తమ స్థానంలో నిలిపారు.

అంతవరకూ మౌనంగా ఉన్న ఆ తల్లి నిర్వాహకుణ్ణి ఒకే ప్రశ్న అడిగారు: “రాత్రిపూట మావాడు ఎవరిని పిలుస్తాడు?”

రాత్రి ఉండేది గేటు దగ్గర పడుకునే ఒక కాపలాదారు మాత్రమే. ఆ యువకుడు పగటి మనిషి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపంలో మానసిక రోగులను ఉంచిన ఒక గృహం తెల్లవారుజామున తగలబడి, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మరణించారు. ఇక్కడ గొలుసులు లేవు, నిజమే. కానీ లేవలేని మనిషికి పలికేవారు లేకుంటే మంచమే గొలుసు అవుతుంది.

“రెండో మనిషికి జీతం ఎక్కడి నుండి తేవాలి?” అన్నాడు నిర్వాహకుడు. అతని మాటలో అబద్ధం లేదు. పుట్టినరోజులకు బిర్యానీ, రమజాన్‌లో బట్టలు ఇచ్చే దాతలతో పుస్తకం రెండు నెలల వరకు నిండి ఉంది. జీతానికి ఇచ్చినవారు ఒక్కరూ లేరు. ఇందులో ఒక మస్‌అలా కూడా ఉంది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్‌ను అర్హుడైన పేదకు సొంతం చేయాలి. ఉద్యోగి వేతనంగా ఇస్తే అది చెల్లదు. ఐచ్ఛిక సదఖా, లిల్లాహ్ సొమ్ము మాత్రం ఇందుకు నిస్సంకోచంగా వాడవచ్చు. మనం జకాత్ లెక్కగట్టి ఇస్తాము. లిల్లాహ్‌ను చిల్లరగా ఇస్తాము. మేలుకొని ఉండే మనిషి ఆ చిల్లరలో దొరకడు.

మా మసీదు జమాఅత్‌లో ఈ సంగతి చెప్పగా, 9 కుటుంబాలు నెలనెలా లిల్లాహ్ ఇవ్వడానికి ముందుకు వచ్చాయి. రాత్రి మనిషి కుదిరాడు. ఆ తరువాతనే ఆ సోదరి కుమారుణ్ణి చేర్చారు. గురువారం సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటారు, శనివారం ఉదయం పంపుతారు. “బాగున్నాడా అని మమ్మల్ని కాదు, అతణ్ణే అడగండి” అని ఆమెకు చెప్పాము. ప్రతి గురువారం అడుగుతున్నారు. తినిపించేటప్పుడు ఇంకా తొందరపెడుతున్నారని ఒక వారం అతడు సైగలతో తెలిపాడు. ఆ విషయం మేము వెళ్లి మాట్లాడవలసి వచ్చింది; ఇంకా మాట్లాడవలసి ఉంది.

పాఠక సోదర సోదరీమణులారా! ఇటువంటి గృహాన్ని చూడబోయినప్పుడు చెప్పకుండా వెళ్లండి, భోజన సమయానికి వెళ్లండి. స్నానమప్పుడు తలుపు మూస్తారా, రాత్రి ఎవరు మేలుకొని ఉంటారు అని అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉండవలసిన రిజిస్ట్రేషన్ పత్రాన్ని చూపమనండి. హింస జరుగుతున్నదని తెలిస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఎవరైనా తెలియజేయవచ్చు. దానం ఇచ్చేటప్పుడు వంటగదికి ఎంత ఇస్తున్నామో, మంచం పక్కన నిలిచే మనిషికి ఎంత ఇస్తున్నామో పోల్చి చూసుకోండి.

పిలవలేని వారి పిలుపును కూడా ఆలకించే ప్రభువు, వారి విషయంలో మన చెవులనూ మేల్కొలుపుగాక! ఆమీన్.